ఎంచుకుని చదివే హక్కు: చూపు లేని పాఠకులు, మన గ్రంథాలయాలు

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా కోనసీమలో గ్రంథాలయ సిబ్బందినీ పాఠకులనూ ఉద్దేశించి చేసిన ప్రసంగం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, శాఖా గ్రంథాలయాల నుంచి వచ్చిన నా తోటి ఉద్యోగులకు, పాఠక మిత్రులకు నమస్కారం. ఈ సభలో చూపు లేనివారు, చూపు బాగా తగ్గినవారు కూడా ఉన్నారు కాబట్టి, మాట్లాడబోయే ముందు నా ఎదుట బల్ల మీద ఏమేమి ఉన్నాయో చెబుతాను. ఎడమ పక్కన ఒక బ్రెయిలీ పలక, దానితో పాటు చుక్కలు పొడిచే సూది ఉన్నాయి. మధ్యలో బాగా లావుగా ఉన్న ఒక బ్రెయిలీ సంపుటి ఉంది. కుడి పక్కన ఒక భూతద్దం, ఒక నల్లని అట్టముక్క, ఒక మామూలు స్మార్ట్‌ఫోన్ ఉన్నాయి. నా ప్రసంగంలో ఇవన్నీ ఒక్కొక్కటిగా ప్రస్తావనకు వస్తాయి.

నేను చెప్పదలచుకున్న విషయం ఒక్కటే. చూపు లేని పాఠకుడికి పుస్తకం ఎలా అందించాలి అని మనం చాలాకాలంగా ఆలోచిస్తున్నాం, సభల్లో మాట్లాడుతున్నాం. కానీ ఆ పుస్తకాన్ని ఎంచుకునేది ఎవరు అన్న ప్రశ్న మాత్రం వేసుకోలేదు. చూపున్న మనిషి గ్రంథాలయానికి వచ్చి ఏం చేస్తాడు? బీరువాల మధ్య తిరుగుతాడు, ఒక పుస్తకం తీస్తాడు, నాలుగు పుటలు తిప్పుతాడు, నచ్చకపోతే ఎక్కడిది అక్కడ పెట్టేసి మరొకటి తీస్తాడు, ఏమీ నచ్చని రోజున ఉత్త చేతులతో ఇంటికి పోతాడు. ఈ పనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. చూపు లేని పాఠకుడికి మనం ఇంతవరకు ఇవ్వనిది ఈ స్వేచ్ఛే. ఆయనకు మనం ఇచ్చినవన్నీ మనం మంచివని తలచిన పుస్తకాలు. నీతి కథలు, భక్తి పుస్తకాలు, పోటీ పరీక్షల గైడ్లు ఇచ్చి, సేవ చేశామని తృప్తి పడ్డాం.

గోదావరి జిల్లాల వారికి గ్రంథాలయం కొత్త సంగతి కాదు. రాజమహేంద్రవరంలో నాళం కృష్ణారావు గారు 1898లో ప్రారంభించిన గ్రంథాలయమే తరువాతి కాలంలో గౌతమీ గ్రంథాలయంగా పెరిగింది. ఆంధ్ర గ్రంథాలయోద్యమానికి జీవితాన్నే ధారపోసిన అయ్యంకి వెంకటరమణయ్య గారు తూర్పు గోదావరిలోని కొంకుదురులో జన్మించారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల ప్రతినిధులందరూ మొదటిసారి సమావేశమయ్యారు. ఆ తరం కార్యకర్తలు రాత్రి బడులు నడిపారు, చదువు రానివారిని కూర్చోబెట్టి పత్రికలు చదివి వినిపించారు. అచ్చు అక్షరాన్ని తన కళ్లతో చదవలేని మనిషికి కూడా గ్రంథాలయంలో చోటు ఉందని మన పెద్దలు నూరేళ్ల కిందటే ఒప్పుకున్నారన్నమాట. ఆ తరువాత మనం చట్టం తెచ్చుకున్నాం, భవనాలు కట్టుకున్నాం, సిబ్బందిని నియమించుకున్నాం. చదివి వినిపించే ఆ అలవాటును మాత్రం ఎక్కడో వదిలేశాం.

మీలో చాలామంది వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చినవారే కనుక ఒక పోలిక చెబుతాను. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలువలు తవ్వారు, డెల్టా పండింది. అయినా లాకుల దగ్గర నీళ్లు వదిలారన్న కబురుకూ, తన చేలోకి నీరు ఎక్కడానికీ ఎంత దూరం ఉంటుందో శివారు రైతుకు ఇవాళ్టికీ తెలుసు. మన గ్రంథాలయ వ్యవస్థలో చూపు లేని పాఠకుడు అటువంటి శివారు రైతు. చట్టాలు వచ్చాయి, పరికరాలు వచ్చాయి, దేశం మొత్తానికి ఒక ఆన్‌లైన్ గ్రంథాలయం కూడా వచ్చింది. లంక గ్రామంలో ఉన్న మనిషి దగ్గరకు మాత్రం తనకు కావలసిన తెలుగు పుస్తకం ఇంకా చేరలేదు.

ఈ పాఠకులు ఎవరు? 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో చూపుకు సంబంధించిన వైకల్యం ఉన్నవారు 50 లక్షల పైచిలుకు. వికలాంగుల హక్కుల చట్టం 2016 వీరిని రెండు కోవలుగా చూస్తుంది. అద్దాలు పెట్టుకున్నా, రెండు కళ్లలో మెరుగ్గా ఉన్న కంటి చూపు 3/60 కంటే తక్కువగా ఉంటే అది అంధత్వం. 6/18కి మించకుండా 3/60 వరకు ఉంటే అల్పదృష్టి. 3/60 అంటే, మామూలు చూపున్న మనిషి 60 మీటర్ల దూరం నుంచి గుర్తుపట్టే అక్షరాన్ని 3 మీటర్ల దగ్గరికి వెళ్తే గానీ గుర్తుపట్టలేకపోవడం. ఎదుట కనబడే క్షేత్రం బాగా కుంచించుకుపోయిన వారిని కూడా చట్టం ఇందులో చేర్చింది. చూపు లేని పాఠకుడు అనగానే మనకు నల్లద్దాలు, తెల్లకర్ర ఉన్న యువకుడే గుర్తుకొస్తాడు. ఆ యువకుడి సంగతి తప్పక చెబుతాను గానీ, ముందుగా మనం రోజూ చూస్తూ కూడా గమనించని ఒక పాఠకుడి గురించి చెప్పాలి.

శాఖా గ్రంథాలయం తలుపు తీయకముందే వచ్చి అరుగు మీద కూర్చునే పెద్దలు మీ అందరికీ తెలుసు. వారు దినపత్రికను మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదువుతారు, సంపాదకీయం మీద ఒకరితో ఒకరు వాదించుకుంటారు, సందర్శకుల రిజిస్టరులో ఏళ్ల తరబడి ఒకే రకంగా సంతకం చేస్తారు. షుగరు వల్ల కంటి వెనుక పొర పాడవుతుంది, లేదా నీటికాసులు చాపకింద నీరులా చూపును తినేస్తాయి, లేదా శుక్లాల ఆపరేషన్ అయినా అక్షరాలు కుదురుగా నిలబడవు. కొన్నాళ్లు పత్రికను కంటికి దగ్గరగా పెట్టుకుని పెద్దక్షరాల శీర్షికలు మాత్రం చదువుతారు. తరువాత పక్కవారిని అడుగుతారు. అడగడం మొహమాటమై, ఒక రోజు నుంచి రావడం మానేస్తారు. రిజిస్టరులో సంతకం ఆగిపోతుంది. పెద్దాయన ఎందుకు రావడం లేదని మనం వాకబు చేయం. వయసు మీద పడింది కదా అనుకుంటాం. ఆయన వికలాంగుల ధ్రువపత్రం తీసుకోలేదు, తీసుకోవాలన్న ఆలోచన కూడా ఆయనకు రాలేదు. డెల్టాలోని మన గ్రంథాలయాలు పోగొట్టుకుంటున్న పాఠకుల్లో ఇటువంటి వారే ఎక్కువమంది అని నా నమ్మకం.

ఆయనను వెనక్కి తెచ్చుకోవడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఈ నల్లని అట్టముక్క చూడండి. చూడలేని వారి కోసం చెబుతున్నాను, దీని పొడవు జానెడు, మధ్యలో ఒక్క వరుస అచ్చు మాత్రమే కనబడేంత సన్నని సందు కోసి ఉంది. దీన్ని పుట మీద పెట్టి కిందికి జరుపుకుంటూ పోతే, పైనా కిందా ఉన్న వరుసలు మరుగునపడి, తెల్ల కాగితం మీది మెరుపు తగ్గి, చదవవలసిన వరుస ఒక్కటే నల్లని చట్రంలో నిలబడుతుంది. చూపు తగ్గిన చాలామందికి అక్షరం చిన్నదన్న బాధ కంటే, వరుస తప్పిపోతోందన్న బాధే ఎక్కువ. పుస్తకాలు బైండింగ్ చేసేవారు ఎవరైనా దీన్ని ఐదు నిమిషాల్లో కోసి ఇస్తారు. దీనికి ఒక మంచి భూతద్దం, భుజం మీదుగా పుట మీదికి వంచుకోగల బల్ల దీపం తోడైతే, పత్రికను వదిలేసిన మనిషి మళ్లీ పత్రిక చేతిలోకి తీసుకుంటాడు. నోటీసు బోర్డు మీద పెట్టే కాగితాలను 18 పాయింట్ల అక్షరాల్లో, మెరుపు లేని కాగితం మీద ముద్రిస్తే, బోర్డు చదవడానికి కూడా ఆయన ఎవరినీ అడగనక్కర్లేదు.

ఇక బ్రెయిలీ గురించి. లూయీ బ్రెయిలీ తన పద్ధతిని 1829లో ప్రచురించారు. రెండు నిలువు వరుసల్లో మూడేసి చుక్కలు, మొత్తం ఆరు. వాటిలో ఏ చుక్కలు ఉబ్బెత్తుగా ఉన్నాయన్న దాన్ని బట్టి 63 గుర్తులు వస్తాయి. మన దేశ భాషలన్నింటికీ ఉమ్మడిగా ఉండే భారతి బ్రెయిలీ 1951లో స్థిరపడింది. తెలుగు బ్రెయిలీ అందులో భాగమే. అచ్చు తెలుగులో గుణింతాలు అక్షరం మీదికి ఎక్కుతాయి, ఒత్తులు కిందికి దిగుతాయి. బ్రెయిలీలో అన్నీ ఒకే వరుసలో నడుస్తాయి. అమ్మ అని రాయాలంటే ముందు ఒకటో చుక్కతో అ, తరువాత పొల్లును సూచించే నాలుగో చుక్క, ఆ తరువాత ఒకటి, మూడు, నాలుగు చుక్కలతో మ, మళ్లీ మరొక మ. ఈ పలక మీద చేత్తో రాసేటప్పుడు కాగితం వెనుక నుంచి పొడుస్తాం కాబట్టి కుడి నుంచి ఎడమకు రాయాలి. కాగితం తిరగేసి ఎడమ నుంచి కుడికి చదవాలి. అలవాటైన పాఠకుడు చదువుతున్నప్పుడు గమనించండి. కుడి చూపుడువేలు వరుస వెంట ఆగకుండా పాకుతూ ఉంటుంది. ఎడమ చేతి వేలు అప్పటికే తరువాతి వరుస మొదలు ఎక్కడుందో వెతికి పట్టుకుని సిద్ధంగా ఉంటుంది.

ఫోన్లు మాట్లాడుతున్న ఈ రోజుల్లో బ్రెయిలీ ఎందుకని కొందరు అడుగుతారు. చదువుకునే పిల్లల విషయంలో నా సమాధానం గట్టిగానే ఉంటుంది. చెవితో మాత్రమే చదువుకున్న పిల్లవాడికి కథ తెలుస్తుంది, పాఠం తెలుస్తుంది. శకారం ఎక్కడ, షకారం ఎక్కడ, ఒత్తు ఎక్కడ పడుతుంది, వాక్యం ఎక్కడ విరుగుతుంది అన్నవి తెలియవు. పద్యంలో గణవిభజన చేయాలన్నా, లెక్కలో భిన్నం రాయాలన్నా, సొంతంగా ఒక ఉత్తరం తప్పుల్లేకుండా రాయాలన్నా అక్షరం వేలికి తగలాలి. చూపున్న పిల్లవాడికి టీవీ ఉంది కదా అని అచ్చు పుస్తకం మాన్పించం. చూపు లేని పిల్లవాడికి ఆడియో ఉంది కదా అని బ్రెయిలీ మాన్పించడం అంతకంటే పెద్ద అన్యాయం.

అయితే బ్రెయిలీకి ఉన్న ఇబ్బందులు మన డెల్టాలో మరీ ఎక్కువ. ఒక అచ్చు పుట రెండు, మూడు బ్రెయిలీ పుటలవుతుంది. మామూలు నవల కూడా నాలుగైదు లావు సంపుటాలు కావచ్చు. ఒకదాని మీద ఒకటి దొంతరగా పేర్చితే కింది సంపుటాల చుక్కలు అణిగిపోతాయి. వానాకాలంలో మన గాలిలోని తేమను ఈ దళసరి కాగితం పీల్చుకుంటుంది. మెత్తబడిన చుక్క వేలి ఒత్తిడికి కుంగిపోతుంది. అందువల్ల బ్రెయిలీ పుస్తకాలను నిలువుగా, వదులుగా, గోడకు ఆనించకుండా, నేలకు ఎత్తుగా ఉంచాలి. తాళం వేసిన బీరువాలో భద్రంగా ఉన్నాయనుకున్న పుస్తకాలే ముందు పాడవుతాయి. ఎవరూ తెరవరు కనుక వాటికి గాలి తగలదు. తపాలా శాఖ వారు చూపు లేనివారి సాహిత్యాన్ని 7 కిలోల వరకు తపాలా రుసుము లేకుండా చేరవేస్తారన్న సంగతి కూడా మన సిబ్బందిలో చాలామందికి తెలియదు. ప్రతి శాఖా గ్రంథాలయమూ బ్రెయిలీ పుస్తకాలు కొనలేకపోవచ్చు. జిల్లా కేంద్రంలో ఉన్న సంపుటి ఏటిగట్టు కింద ఉన్న ఇంటికి తపాలాలో వెళ్లడానికి, తిరిగి రావడానికి ఆటంకం ఏమీ లేదు.

ఇప్పుడు ఫోను సంగతి. ఒకప్పుడు మాట్లాడే పుస్తకాలు క్యాసెట్ల మీద వచ్చేవి. ఏడో అధ్యాయం కావాలంటే టేపును ముందుకూ వెనక్కూ తిప్పుతూ తడుముకోవలసి వచ్చేది. డైసీ అనే డిజిటల్ ఆడియో పుస్తకాల పద్ధతి వచ్చాక అధ్యాయం నుంచి అధ్యాయానికి, పుట నుంచి పుటకు నేరుగా వెళ్లే వీలు కలిగింది. ఇవాళ మామూలు ఆండ్రాయిడ్ ఫోనులోనే, తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఉంది. కంప్యూటరు మీద అదే పని చేసే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది. రెండింటిలోనూ తెలుగు గొంతు పనిచేస్తుంది. పనిముట్టు చాలామంది చేతుల్లోకి వచ్చేసింది. లేనిది అది చదవగలిగే తెలుగు పుస్తకం.

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెలుగు పాఠకుడికి ప్రత్యేకంగా ఉన్న అడ్డంకి ఇదే. మన ప్రచురణకర్తలు చాలాకాలం పాటు పుస్తకాలను పేజ్‌మేకరులో, ‘అను’ అన్న పేరున్న ఫాంట్లలో కూర్చారు, ఇప్పటికీ కూర్చేవారున్నారు. ఆ ఫైలులో తెర మీద గోదావరి అని చక్కగా కనబడుతుంది. లోపల మాత్రం ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. వాటి మీద తెలుగు బొమ్మ తొడిగారంతే. చూపున్నవారికి తేడా తెలియదు. స్క్రీన్ రీడరు మాత్రం లోపల ఉన్నదే చదువుతుంది కాబట్టి, తలాతోకా లేని ఇంగ్లీషు అక్షరాలు వరుసగా వినిపిస్తాయి. యూనికోడ్‌లో కూర్చిన పుస్తకానికి, అంటే లోపల కూడా తెలుగు అక్షరాలే ఉండే ఫైలుకు, ఈ బాధ లేదు. ఇక స్కాన్ చేసి పెట్టిన పాత పుస్తకాలు ఇంటర్నెట్లో వేల సంఖ్యలో ఉన్నాయి. మన తాతల నాటి అపురూపమైన గ్రంథాలు అందులో ఉన్నాయి, కానీ అవన్నీ పుటల ఫోటోలు. స్క్రీన్ రీడరు వాటి ముందు మౌనంగా ఉండిపోతుంది.

ఫోటోలోని అక్షరాలను గుర్తించి పాఠంగా మార్చే ఓసీఆర్ ఇప్పుడు తెలుగుకు కూడా బాగానే పనిచేస్తోంది. కొత్త అచ్చు పుస్తకమైతే ఫలితం మెచ్చదగినట్టే ఉంటుంది. పాత సీసపు అచ్చు అయితే ద, ధ, థ ఒకదానికొకటి మారిపోతాయి, మ ఉన్నచోట య వస్తుంది, ఒత్తులు పక్క అక్షరానికి వెళ్తాయి, అరసున్నలు ఏవేవో అవుతాయి. దాన్ని ఒక మనిషి కూర్చుని దిద్దాలి. తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛంద కార్యకర్తలు పాత పుస్తకాలను పుట పక్కన పుట పెట్టి దిద్ది యూనికోడ్‌లో ఉంచుతున్నారు. చూపు లేని తెలుగు పాఠకుడికి పాత సాహిత్యం నేరుగా అందుతున్న చోట్లలో అది ముఖ్యమైనది. ఆ పనిని మన గ్రంథాలయాలు ఎందుకు చేపట్టకూడదు? విశ్రాంత ఉపాధ్యాయులు లేని ఊరు మన డెల్టాలో లేదు. ఒత్తు ఎక్కడ పడాలో తెలిసిన కళ్లు, తీరిక, ఓర్పు మూడూ వారి దగ్గర ఉన్నాయి.

ఇది చట్టవిరుద్ధమవుతుందేమో, ప్రచురణకర్తలు కేసులు పెడతారేమో అన్న భయం మన ఉద్యోగుల్లో ఉంది. ఆ భయం తీరాలి. కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ, 52వ సెక్షన్‌లో కొత్తగా ఒక మినహాయింపును చేర్చింది. వైకల్యం ఉన్న పాఠకులు మామూలు రూపంలో చదవలేని పుస్తకాన్ని వారు చదవగలిగే రూపంలోకి, అది బ్రెయిలీ కావచ్చు, ఆడియో కావచ్చు, ఎలక్ట్రానిక్ పాఠం కావచ్చు, లాభాపేక్ష లేకుండా మార్చి ఇవ్వడానికి హక్కుదారు అనుమతి అక్కర్లేదు. ఈ పని చేయగల సంస్థల్లో ప్రభుత్వ గుర్తింపు ఉన్న గ్రంథాలయాలను ఆ సెక్షన్ వివరణ పేరు పెట్టి చెప్పింది. తయారీ ఖర్చుకు మించి వసూలు చేయకూడదు. ఆ ప్రతి వైకల్యం ఉన్న పాఠకుడికే చేరాలి, మామూలు వ్యాపారంలోకి వెళ్లకుండా జాగ్రత్త పడాలి. షరతులు ఇవే. అంతర్జాతీయంగా ఇదే ఉద్దేశంతో 2013లో మరాకేష్ ఒప్పందం కుదిరింది. 2014లో దాన్ని అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. 2016 ఆగస్టులో సుగమ్య పుస్తకాలయ అన్న ఆన్‌లైన్ గ్రంథాలయం ప్రారంభమైంది. అచ్చు చదవలేనివారు అందులో సభ్యులుగా చేరి పుస్తకాలు దించుకోవచ్చు. ఒక చోట ఒకసారి శ్రద్ధగా దిద్దిన తెలుగు పుస్తకం, ఇటువంటి చోటికి చేరితే, శ్రీకాకుళం నుంచి ఆదిలాబాదు దాకా అందరికీ పనికొస్తుంది.

ఇప్పుడు మొదట్లో వేసిన ప్రశ్న దగ్గరకు వస్తాను: ఎంచుకునేది ఎవరు? నేను పనిచేసిన రోజుల్లో లంక గ్రామం నుంచి ఒక అమ్మాయి వచ్చేది. డిగ్రీ పూర్తి చేసింది, ఉపాధ్యాయ నియామక పరీక్షకు చదువుతోంది, పుట్టుకతో చూపు లేదు. తమ్ముడు పుస్తకాలు తీసుకువెళ్లి ఇంట్లో చదివి వినిపించేవాడు. మంచి కుర్రవాడు, ఎన్నడూ విసుక్కోలేదు. ఒకరోజు తమ్ముడు బయట సైకిలు పెట్టే లోపల ఆ అమ్మాయి నా బల్ల దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి, స్త్రీల ఆరోగ్యం గురించి వైద్యులు రాసిన పుస్తకం ఏదైనా ఉందా అని అడిగింది. ఉందమ్మా, తమ్ముడికి ఇస్తాను అన్నాను. “వద్దు మాస్టారూ, తమ్ముడిచేత ఏ పుస్తకమైనా చదివించుకుంటానండీ, ఇది ఎలా చదివించుకోనండీ?” అంది. మా సహోద్యోగిని ఒకావిడ ఆ పుస్తకాన్ని తన ఇంట్లో కూర్చుని, గది తలుపు వేసుకుని, ఫ్యాను ఆపి, అధ్యాయానికి ఒక ఫైలు చొప్పున రికార్డు చేసి మెమరీ కార్డులో ఇచ్చింది.

ఇంట్లోవారి ప్రేమ ఎంత గొప్పదైనా, ఒకరి గొంతు మీద ఆధారపడి చదివేవారు అడగలేని పుస్తకాలు ఎన్నో ఉంటాయి. అల్లుడు పత్రిక చదివి వినిపిస్తాడు, కానీ అల్లుడికి గిట్టని పార్టీ వారి పత్రికను తెమ్మని మామగారు అడగలేడు. మనవరాలు నవల చదువుతుంది, కానీ అందులో శృంగారం వచ్చిన పుటలు దాటేస్తుంది, దాటేసినట్టు కూడా చెప్పదు. భర్త చదివే ఇంట్లో భార్య విడాకుల చట్టం గురించి ఏ పుస్తకం అడుగుతుంది? మతాన్ని ప్రశ్నించే పుస్తకాన్ని భక్తులున్న ఇంట్లో ఎవరు పైకి చదువుతారు? గ్రంథాలయం ఉన్నది ఇటువంటి చోటికే. ఏ పుస్తకం అడిగినా ముఖం మార్చని మనిషి ఒకరు బల్ల వెనుక ఉండాలి, ఆ పుస్తకాన్ని ఏకాంతంగా చదువుకునే మార్గం పాఠకుడి చేతిలో ఉండాలి.

ఎంచుకోవాలంటే ముందు ఏమున్నాయో తెలియాలి. ప్రతి నెలా వచ్చిన కొత్త పుస్తకాల జాబితాను మనం బోర్డుకు అంటిస్తాం. అదే జాబితాను ఒకరు చదివి, వాయిస్ మెసేజిగా వాట్సాప్‌లో పంపితే బోర్డు ఇంటికి వెళ్లినట్టవుతుంది. జాబితా ఒక్కటే చాలదు. అట్ట మీద ఏముంది, విషయసూచికలో ఏయే అధ్యాయాలున్నాయి, మొదటి నాలుగు పుటలు ఎలా సాగుతాయి అన్నవి కూడా పది నిమిషాల రికార్డుగా పంపాలని నా సూచన. చూపున్నవాడు పుటలు తిప్పి చూసే పనికి ఇది బదులు. విన్న పాఠకుడు ఇది నాకొద్దు, అది కావాలి అంటాడు. అది కావాలి అన్న పుస్తకాన్నే ముందు పూర్తిగా తయారు చేయాలి. ఏ పుస్తకాన్ని మార్చాలన్న నిర్ణయం ఈ విధంగా పాఠకుడి చేతికి వెళ్తుంది. రికార్డు చేసేవారికి కూడా కొన్ని మాటలు: పుట సంఖ్యలు చెప్పండి, పట్టిక వస్తే వదిలేయకుండా అడ్డవరుసల వారీగా చదవండి, బొమ్మ ఉంటే అందులో ఏముందో రెండు వాక్యాల్లో చెప్పండి, మీకు నచ్చని మాట వచ్చినా గొంతు మార్చకండి, మీ అభిప్రాయం కలపకండి.

భవనం గురించి క్లుప్తంగా చెబుతాను. మన ఊళ్లలో గ్రంథాలయం గుమ్మం ముందు చెప్పులు విడుస్తాం. ఆ చెప్పుల గుట్ట తెల్లకర్రకు అడ్డం పడుతుంది, కాలు మడత పడుతుంది. చెప్పులకు పక్కగా ఒక బల్ల వేయండి. మెట్ల అంచులకు పసుపు రంగు పట్టీ వేస్తే కొద్దిపాటి చూపు ఉన్నవారికి మెట్టు ఎక్కడ దిగుతుందో తెలుస్తుంది. బల్లలు, కుర్చీలు ఎక్కడున్నాయో పాఠకుడు ఒకసారి నేర్చుకుంటాడు. జరిపితే ఆ సంగతి ఆయనకు చెప్పండి. వచ్చినవారి రెక్క పట్టుకుని లాక్కెళ్లకండి. మీ మోచేయి అందించి, నేను ఫలానా, ఇటు వెళ్దామా అని అడగండి. తోడు వచ్చినవారితో ఆయనకేం కావాలంట అని అడగకుండా ఆయననే అడగండి. సభ్యత్వ పత్రం మీద సంతకం చేయగలిగిన వారిచేత వేలిముద్ర వేయించకండి. సంతకం చేయవలసిన చోట ఒక స్కేలు అంచు ఆనిస్తే చాలు, వారు తమ సంతకం తాము చేస్తారు.

చివరగా డబ్బు మాట. గ్రంథాలయాల చట్టం 1960 ప్రకారం మన రాష్ట్రంలో ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతోంది. చూపు లేని ఇంటి యజమానికి అందులో రాయితీ ఏమీ లేదు. ఆయన కట్టిన సెస్సుతో కొన్న పుస్తకాల్లో ఆయన చదవగలిగినవి ఎన్ని అని లెక్క చూసుకునే బాధ్యత మనది. రికార్డింగుకూ ప్రూఫులు దిద్దడానికీ స్వచ్ఛందంగా ముందుకు వచ్చేవారు ఉన్నా, పరీక్షల పుస్తకాల్లాగా సమయానికి అందవలసిన వాటి కోసం దిద్దేవారికి పారితోషికం ఇవ్వాలి. ఏటా పంపే బడ్జెట్ ప్రతిపాదనల్లో ఈ ఖర్చును విడిగా ఒక పద్దుగా చూపమని నా మనవి. దీనితో పాటు మరొక చిన్న పని ఈ సంవత్సరమే మొదలుపెట్టవచ్చు. ప్రచురణకర్తలకు పంపే కొనుగోలు ఉత్తరాల్లో, అచ్చు ప్రతులతో పాటు వైకల్యం ఉన్న పాఠకుల కోసం ఆ పుస్తకం యూనికోడ్ ఫైలును కూడా పంపవలసిందిగా కోరుతూ ఒక వాక్యం చేర్చండి. చాలామంది ఇస్తారనే నా నమ్మకం, ఎందుకంటే ఇంతవరకు వారిని ఎవరూ అడగలేదు. ఇవ్వని వారి పుస్తకాన్ని స్కాన్ చేసి మనమే తయారు చేసుకోవచ్చునని చట్టం చెబుతూనే ఉంది. ఆ వాక్యాన్ని, ఫైళ్లు ఎవరికి ఇచ్చామో రాసుకునే రిజిస్టరు నమూనాను కాగితం మీద రాసి తెచ్చాను. వాటిని చదివి రికార్డు చేసిన ఫైలు కూడా నా ఫోనులో ఉంది, కావలసినవారికి ఇప్పుడే పంపుతాను.